నలభై ఏళ్ళ రంగు

తళతళా మెరుస్తున్న కత్తిని తెచ్చి, దీన్ని మళ్ళీ మరకలమయం చేసిపెట్టమని అడిగిన మనిషిని భూపాల్ తన పాతికేళ్ళ పనిలో మొదటిసారి చూశాడు.

ఆవిడ పేరు అహల్య. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. గంజి పెట్టిన నేత చీర, చేతిలో గొడుగు. ఆబిడ్స్‌లో శ్యామ్‌సుందర్ దుకాణం గల్లా ముందు నిలబడి, పాత పేపరులో చుట్టి తెచ్చిన కత్తిని విప్పి అద్దం మీద పెట్టింది. శీసం కర్ర పిడి, జానెడు అలుగు. పిడి అరిగిపోయి ఉంది, అలుగు మాత్రం నిన్న కొన్నట్టు మెరుస్తోంది.

"కొత్తగనే ఉన్నది గదమ్మా, ఇంకేం జెయ్యాలె?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"కొత్తగ ఉండుడే కష్టం," అంది ఆవిడ. "నేనే ఖరాబ్ చేసిన."

భూపాల్ అప్పుడే నాంపల్లి పనిగది నుంచి డజను కత్తులు తెచ్చి బల్ల మీద పరుస్తున్నాడు. ఆ దుకాణం శ్యామ్‌సుందర్ తాత పెట్టింది. ఒకప్పుడు కత్తెరలకూ అడకత్తెరలకూ పేరు. ఇప్పుడు హోటళ్ళ వంటవాళ్ళు, వంట సరదా ఉన్న కుర్రకారు వచ్చి నల్లటి మరకల డిజైన్లున్న కత్తులు అడుగుతున్నారు. ఉక్కు మీద ఆ మరకలు తేల్చడమే భూపాల్ పని. ఆవపిండి ముద్దను చుక్కలుగా అద్ది సిర్కా, అంటే వెనిగర్, రాస్తే వాన చినుకులు పడ్డట్టు వస్తుంది. కాఫీ డికాషన్‌లో ముంచితే బూడిద నలుపు వస్తుంది. అది పైపూత కాదు. ఉక్కే పులుపు తిని రంగు మారుతుంది. ఒకసారి ఆ రంగు కుదురుకుంటే తుప్పు తొందరగా దగ్గరికి రాదు.

"మా సారుకు మూడేండ్ల సంది మతి ఉంటలేదు," అని చెప్పుకొచ్చింది అహల్య. "నా పేరు ఒకనాడు యాదికుంటది, ఒకనాడు ఉండదు. గీ కత్తి మాత్రం మర్వలే. నలభై ఏండ్ల కత్తి. నుమాయిష్ ఎగ్జిబిషన్‌ల కొన్నడు. రోజూ పొద్దుగూకంగ కుర్చీల కూసోని ఏదో ఒక పండు కోసి, నాకింత పెట్టి, తనింత తింటుండె. మొన్న చుట్టాలొస్తున్నరని వంటిల్లు సాఫ్ చేసుకుంట, నల్లగ గలీజుగ ఉన్నదని ఇత్తడి గిన్నెల పొడి వేసి స్టీలు పీచుతోని రుద్దిన. గంటసేపు రుద్దిన."

"ఇగ?"

"చేతిల పెడితే విసిరికొట్టిండు. నా కత్తి ఎవడో ఎత్తుకపోయిండంటడు. బియ్యం డబ్బల చెయ్యి పెట్టి దేవులాడతడు. పరుపు లేపి చూస్తడు. పండు కోసుడు బంద్, తినుడు బంద్. నన్ను జూస్తే దొంగను జూసినట్టు జూస్తడు."

శ్యామ్‌సుందర్ మంచిమాటగానే, నల్లరంగు కత్తులు కొత్తవి చాలా ఉన్నాయన్నాడు. అహల్య తల అడ్డంగా ఊపింది. నల్లగా ఉంటే చాలదు, ఆయన కత్తిలాగే ఉండాలి.

భూపాల్ కత్తిని అందుకుని వెలుతురులో తిప్పి చూశాడు. మంచి ఉక్కు. పిడి మొదట్లో, పీచు అందని సందులో, గోరంత నలుపు మిగిలి ఉంది.

"టీచరమ్మా," అన్నాడు. ఆవిడ వాలకం చూస్తే ఆ పిలుపే నోటికి వచ్చింది. "ముందు ఎట్లుండెనో మీకు యాదికున్నదా?"

"కండ్లు మూసుకున్నా కనిపిస్తది. నేను టీచర్నని నీకెట్ల ఎర్క?"

"గట్ల అనిపించింది."

ఆవిడ ఆ రోజే అతని వెంట ఆటోలో నాంపల్లికి వచ్చింది. స్టేషన్ ఎదుటి లాడ్జీల వెనక సన్నటి గల్లీలో రేకుల గది, ఒక నల్లా, రెండు బకెట్లు, గోడ పొడవునా సీసాలు. అదే భూపాల్ రాజ్యం. సిద్దిపేట దిక్కు ఊళ్ళో అతని తండ్రి మొగులయ్య కొడవళ్ళు, గొడ్డళ్ళు చేసేవాడు. బజారులో మిషన్ కొడవళ్ళు వచ్చాక కొలిమి ఆరిపోయింది. భూపాల్ ఇరవయ్యో ఏట పట్నానికి వచ్చి, స్టీలు సామాన్ల పాలిష్ పనిలో చేరి, పదేళ్ళు మెరుపులు దిద్దాడు. తర్వాత శ్యామ్‌సుందర్ దగ్గర చేరి మరకలు దిద్దడం నేర్చుకున్నాడు. నేర్పినవాళ్ళెవరూ లేరు. చెడగొట్టుకుంటూ తనే నేర్చుకున్నాడు.

అహల్య స్టూలు మీద కూర్చుని కాగితం అడిగింది. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో సోషల్ చెప్పిన మనిషి, పటాలు గీయడం చేతికి అలవాటు. కత్తి అలుగును పెద్దగా గీసి, సంచిలోంచి రంగు పెన్సిళ్ళు తీసి, దేశాలను విడదీసినట్టు గీతలు గీసింది.

"గీడ పిడి దగ్గర కాఫీ రంగు. గీడికెళ్ళి నడిమి దాక బూడిద, కానీ బూడిదల అక్కడక్కడ ఇటుక రంగు చుక్కలు. గీ వీపు మీద వేలు పెట్టే తావు తెల్లగనే ఉంటది. గీ కొసకు మాత్రం..." ఆవిడ పెన్సిళ్ళు మార్చి మార్చి రుద్దింది. "వంకాయ రంగు. నీలం కాదు, నలుపు కాదు. తడి ఆరంగనే వంకాయ మీద ఉండే రంగు."

భూపాల్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. కొనేవాళ్ళు డిజైన్ బాగుంది అంటారు, లేదంటే పక్కది చూపించమంటారు. ఒక అలుగు మీద ఏ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇంతగా చూసిన మనిషి అతనికి ఇంతవరకూ తగల్లేదు.

"మూడు వారాలు పడతది," అన్నాడు.

మొదటి వారమంతా చెడిపోయింది. సర్క్యూట్ బోర్డుల పనివాళ్ళు వాడే ఎర్ర మందు నీళ్ళు కలిపి ముంచితే అలుగంతా ఒకే నలుపు తిరిగింది, బొగ్గు పూసినట్టు. అహల్య సోమవారం వచ్చి చూసి, "గిది చచ్చిన నలుపు," అంది. కోపంగా అనలేదు. నిజమే చెప్పింది. భూపాల్ సన్న ఎమరీ కాగితంతో అంతా తీసేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

"నిప్పు మీద చూపిస్తే నీలం రాదా?" అని అడిగింది ఆవిడ ఇంకో రోజు.

"వస్తది. కానీ ఉక్కు మెత్తబడతది, పదును నిలవదు. సారు పండు కోస్తే తెగాలె గదా."

ఆవిడ సోమవారం, గురువారం వచ్చేది. పక్కింటి కోడలు రశ్మి ఆ రెండు పూటలూ విశ్వనాథ్‌ని చూసుకునేది. వచ్చినప్పుడల్లా ఆయన గురించే మాట. లక్డీకాపూల్‌లో సర్కారు ఆఫీసులో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైర్ అయ్యాడు. గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. పిల్లలు పుట్టకపోతే ఒక్కమాట అనలేదు. ఆఫీసుకు పోతూ ఆ కత్తిని గుడ్డలో చుట్టి టిఫిన్ సంచిలో వేసుకునేవాడు, బయట కోసిన పండు తినేవాడు కాదని. చెబుతూ చెబుతూ ఆవిడ నవ్వేది. "మంచోనితోని బతికిన, భూపాల్. గందుకే గీ తిప్పలు."

భూపాల్ ఇంటికి వెళ్ళి భార్య స్వర్ణకు ఇదంతా చెప్పేవాడు. చాదర్‌ఘాట్‌లో వాళ్ళది ఒక గది కాపురం. "ఒక్క కత్తికి ఇన్ని రోజులా?" అనేది స్వర్ణ. "సేటు ఏమంటలేడా?" శ్యామ్‌సుందర్ అనేవాడే. కానీ భూపాల్ మిగతా పని తొందరగా ముగించి ఈ కత్తిని చేతిలోకి తీసుకునేవాడు.

మందులన్నీ పక్కన పెట్టి, పండ్లతోనే చేద్దామని అతనికి రెండో వారంలో తట్టింది. నలభై ఏళ్ళు పండ్లు కోస్తే వచ్చిన రంగు పండ్లతోనే రావాలి. మొజంజాహీ మార్కెట్ నుంచి యాపిల్, మామిడికాయ, నిమ్మ, దానిమ్మ తెచ్చి కోశాడు. కోసిన రసం అలుగు మీదే ఆరనిచ్చి, తుడిచి, మళ్ళీ కోశాడు. నిమ్మతో ఇటుక చుక్కలు వచ్చాయి. మామిడితో బూడిద కుదిరింది. పిడి దగ్గర కాఫీ రంగుకు దానిమ్మ తొక్క సరిపోయింది. కొస మాత్రం లొంగలేదు. ఏం కోసినా వంకాయ రంగు రాలేదు.

ఒక మధ్యాహ్నం గల్లీ మొదట్లో బండి మీద జామకాయలు కొన్నాడు, తినడానికే. దోరకాయను ఆ కత్తితోనే నాలుగు చీలికలు చేసి, బండివాడిచ్చిన ఉప్పూ కారం అద్దుకుని తిన్నాడు. గింజలున్న నడిమి భాగాన్ని కొసతో తవ్వి తీశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే కొసన పల్చగా నీలం. అతను స్టూలు మీద కూర్చుండిపోయాడు. మళ్ళీ వెళ్ళి రెండు కిలోలు తెచ్చాడు. పండినవాటితో రాలేదు. ఉప్పు లేకుండా రాలేదు. దోరజామకాయ, ఉప్పు, కారం. ఆ మూడూ కలిసి, రోజూ, ఏళ్ళ తరబడి.

గురువారం అహల్య కాగితం పక్కన కత్తి పెట్టి చూసింది. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"గిదే," అంది.

"సారుకు జామకాయ ఇష్టమా టీచరమ్మా?" అన్నాడు భూపాల్. "గీ కొస రంగు జామకాయది. ఉప్పు కారం పెట్టుకోని తిన్నది. ఇంక దేనితోనీ వస్తలేదు."

"మా ఇంట్ల జామకాయ ఎవ్వరు తినరు. నాకు దగ్గు. ఆయనకు గింజలు పంటి సందుల్ల ఇరుకుతయని మొదటికెళ్ళే పడదు." ఆవిడ కత్తిని తిప్పుతూ, ఆ మాటను అంతగా పట్టించుకోకుండా అంది. "ఆఫీసుల ఎవరన్న తినేటోళ్ళేమో. కత్తి అడిగి తీసుకుంటరు గదా."

భూపాల్ ఔనన్నాడు. అడిగి తీసుకున్న కత్తికి అంత రంగు రాదని అతనికి తెలుసు. ఒకటి రెండు సార్ల మరక తుడిస్తే పోతుంది, ఇది అలా పోయే రంగు కాదు. అయినా నోరెత్తలేదు. రంగు కుదిరింది. అతనికి అప్పుడు అంతకు మించి ఏమీ అక్కర్లేకపోయింది.

కత్తి ఇవ్వడానికి హిమాయత్‌నగర్‌కు అతన్నీ రమ్మంది అహల్య. శ్యామ్‌సుందర్ కూతురు స్నేహ కూడా వచ్చింది. దుకాణం వీడియోలు తీసి ఫోన్లలో పెట్టేది ఆమే. అహల్యను అడిగే తీసింది. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది.

విశ్వనాథ్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. సన్నటి మనిషి, చక్కగా దువ్విన తెల్ల జుట్టు. అహల్య కత్తిని పళ్ళెంలో యాపిల్ పక్కన పెట్టి, ముందున్న బల్ల మీద ఉంచింది. ఆయన మొదట పళ్ళేన్ని చూశాడు, తర్వాత కత్తిని. చెయ్యి దానంతటదే వెళ్ళింది. చూపుడు వేలు వీపు మీద ఆ తెల్లటి చోటే ఆనింది. అలుగును పక్కకు వంచి, కొస మీద బొటనవేలితో మెల్లగా రాశాడు.

"యాడ దొరికింది?" అన్నాడు.

"దొరికింది," అంది అహల్య, ఏడుస్తూ. స్నేహ ఫోను ఆవిడ మొహం వైపు తిప్పింది.

ఆయన యాపిల్ తీసుకోలేదు. చుట్టూ చూసి, ఎవరికో మాట తప్పినవాడిలా నొచ్చుకుంటూ, "జామకాయలు తేలేదా?" అన్నాడు.

అందరూ నవ్వారు. అహల్య కూడా నవ్వింది. "రేపు తెప్పిస్త," అంది. భూపాల్‌కు నవ్వు రాలేదు. చెప్పులు వేసుకునేటప్పుడు, ఎందుకో, తొందరగా బయటపడాలనిపించింది.

ఆ వీడియో వారంలో ఊరంతా తిరిగింది. మతి తప్పిన మనిషికి కత్తి గుర్తొచ్చింది, నలభై ఏళ్ళ దాంపత్యం, ఒక భార్య కన్నీళ్ళు. స్నేహ వెనక నుంచి గొంతు పెట్టింది: మా ముత్తాత కాలం నుంచి మా ఇంట్లో వస్తున్న పద్ధతి. వీడియోలో భూపాల్ చేతులు ఒకచోట కనిపిస్తాయి, మోచేతుల దాకా.

"సేటూ, నా పేరన్న చెప్పేదుండె," అన్నాడు భూపాల్ ఒకనాడు.

శ్యామ్‌సుందర్ నొచ్చుకున్నట్టే చూశాడు. "పేరుదేముంది భూపాల్. మనది ఒకటే దుకాణం గదా. చూడు, పెండ్లి కానుకలకని యాభై కత్తుల ఆర్డర్ వచ్చింది. గదే రంగు గావాల్నంట, అచ్చం గట్లనే. నలభై ఏండ్ల రంగు అని పేరు పెట్టింది స్నేహ. నువ్వు తప్ప ఎవ్వరు జెయ్యలేరు."

ఆ చివరి మాటకు భూపాల్ మెత్తబడ్డాడు. తర్వాత తలుచుకుంటే అదే ఎక్కువ సిగ్గనిపించింది.

నెల తిరిగేసరికి ఒక ఉదయం అహల్య పనిగదికి వచ్చింది. గొడుగు లేదు. మంచి చెడ్డ అడగలేదు. సంచిలోంచి కత్తి తీసి పీట మీద పెట్టింది.

"తీసెయ్," అంది.

"ఏంది టీచరమ్మా?"

"రంగు. మొత్తం తీసెయ్. నా ముంగటనే."

భూపాల్ స్టూలు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు. గోడ వైపు చూస్తూ, పిల్లలకు పాఠం చెప్పినట్టు, ఒక్కో మాట విడివిడిగా చెప్పింది.

కత్తి తెచ్చిన మర్నాడు జామకాయలు తెప్పించింది. విశ్వనాథ్ ఎన్నో నెలల తర్వాత శ్రద్ధగా కూర్చుని కోశాడు. ఉప్పూ కారం అడిగాడు. అన్నీ చిన్న స్టీలు డబ్బాలో సర్ది మూత పెట్టాడు. ఒక్క చీలిక కూడా నోట్లో వేసుకోలేదు, ఆవిడకూ ఇవ్వలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, డబ్బా పట్టుకుని, గేటు దగ్గర నిలబడ్డాడు. ఎక్కడికని అడిగితే ఆఫీసుకన్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు అహల్య డబ్బా లాక్కోబోతే చెయ్యి విదిలించుకుని, "కుసుమకు ఆకలైతది," అన్నాడు.

"కుసుమ ఎవరో నాకెర్క," అంది అహల్య. "ఆఫీసుల టైపిస్టు. పెండ్లి చేసుకోలే. ప్రతి దసరాకు మా ఇంటికొస్తుండె. బొట్టు పెట్టి జాకెట్ బట్ట నేనే ఇస్తుంటి. పదేండ్ల కింద క్యాన్సర్‌తోని పోయింది. దవాఖానకు ఇద్దరం పోయినం. ఆయన బయట బెంచీ మీద కూసోని ఏడ్చిండు. తోటి పనోళ్ళు గదా, ముప్పై ఏండ్లు ఒక్కతాన కూసున్నోళ్ళు, అనుకున్న. నీళ్ళు తెచ్చి తాపిచ్చిన."

నల్లా కింద బకెట్ నిండి పొర్లుతోంది. భూపాల్ లేచి కట్టేశాడు.

"మొన్న నా చెయ్యి పట్టుకోని కూసోబెట్టుకున్నడు. గంత మెత్తగ ఎన్నడు పట్టుకోలే. గీ కత్తి చూపించి, నువ్వు కొనిచ్చిందే గదా కుసుమా, నుమాయిష్‌ల, అన్నడు. నలభై ఏండ్లు అది నా వంటింట్ల ఉన్నది. ఆయన ఎంగిలి చెయ్యి తుడుచుకున్న బట్టతోని తుడిచి, నేనే దాచిపెడుతుంటి."

"టీచరమ్మా..."

"నీకు తెలిసే ఉంటది. నువ్వే అడిగినవ్ జామకాయ అని."

"గంత తెల్వదు. అనుమానం వచ్చింది. నోరు మూసుకున్న," అన్నాడు భూపాల్. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "కత్తి మీద ఉండే రంగే గదా చేసిన."

"కత్తి మీద ఏం లేకుండె. తోమి సాఫ్ చేసిన కత్తి ఇచ్చిన నీకు. ఆ వంకాయ రంగు నేను చెప్పిన. నా చేతితోని నేను గీసిచ్చిన. నువ్వు దానికి పానం పోసినవ్." ఆవిడ మొదటిసారి అతని వైపు చూసింది. "తీసెయ్ బిడ్డా."

ఒక్కమాట అనాలనిపించింది అతనికి. ఇది తన చేతుల మీదుగా వచ్చినవాటిలో అన్నింటికన్నా మంచి పని అని. అది ఇప్పుడు అనే మాట కాదు. ఎమరీ కాగితం తడిపి, కొస దగ్గర మొదలుపెట్టాడు. మూడు వారాలు పట్టిన రంగు పావుగంటలో బురదలా కారి బకెట్‌లో కలిసింది. ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది. పిడి సందులో మిగిలిన పాత నలుపును కూడా చూపించింది. అతను సన్న పుల్లకు కాగితం చుట్టి అదీ తీశాడు.

తర్వాత ఆవిడ ఆబిడ్స్‌కు పోదామంది. వీడియో తీసెయ్యమని అడగాలి. భూపాల్ వెంట వెళ్ళాడు.

దుకాణంలో కొత్తగా పెద్ద టీవీ పెట్టారు. అందులో అహల్య ఏడుస్తోంది. ఏడవడం అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి వస్తోంది. కొత్తగా పెళ్ళైన ఒక జంట నిలబడి చూస్తోంది. ఆ అమ్మాయి అహల్యను గుర్తుపట్టి, చేతులు పట్టుకుని, మీలాగా ఉండాలని ఆశీర్వదించమంది. అహల్య ఆమె తల మీద చెయ్యి పెట్టి తీసేసింది.

శ్యామ్‌సుందర్ సంగతి విన్నాడు. అంతా చెప్పలేదు ఆవిడ, ఇష్టం లేదని మాత్రమే చెప్పింది. అయినా అతను వ్యాపారి, మొహం చూసి కొంత గ్రహించాడు. "అమ్మా, ఇప్పటికే లక్షల మంది చూసిన్రు. నేను తీసినా వేరేటోళ్ళ ఫోన్లల్ల ఉంటది. చూసేటోళ్ళకు మీరు మంచిగనే కనిపిస్తున్నరు గదా. ఎవ్వరికేం తెల్వదు," అన్నాడు.

"నాకు తెలుసు," అంది అహల్య. అంతకన్నా ఆవిడ ఏమీ అడగలేదు. భూపాల్ రోడ్డు దాటించి ఆటో ఎక్కించాడు.

తిరిగి వచ్చి, యాభై కత్తులు తను చెయ్యనన్నాడు. శ్యామ్‌సుందర్ చాలాసేపు నచ్చజెప్పాడు, తర్వాత వదిలేశాడు. కోప్పడలేదు. పాతబస్తీ వైపు ఒకడిని పట్టి, ఎర్ర మందులో ముంచి, కొసలకు ఏదో నీలం రంగు తగిలించి, రెండు రోజుల్లో యాభై కత్తులూ చేయించాడు. భూపాల్ వాటిని చూశాడు. అహల్య మాటలో చెప్పాలంటే చచ్చిన నలుపు. నాలుగు కోతలకు నీలం వదిలిపోతుంది. పుచ్చుకున్నవాళ్ళెవరూ ఏమీ అనలేదు. ఇంకో వంద కావాలన్నారు. భూపాల్‌కు మళ్ళీ వాన చినుకుల పని మిగిలింది. ఆ పని కూడా ఎన్నాళ్ళుంటుందో తెలియలేదు.

"ఏం సాధించినవ్?" అంది స్వర్ణ. తిట్టడానికి కాదు, తెలుసుకోవాలనే అడిగింది.

నెలన్నర తర్వాత అతనికి ఉండబట్టలేదు. ఒక ఆదివారం పొద్దున్నే హిమాయత్‌నగర్ వెళ్ళాడు. విశ్వనాథ్ గేటు లోపల నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా, చేతిలో స్టీలు డబ్బా.

"బస్సు పోయిందా?" అని అడిగాడు ఆయన, చాలా మర్యాదగా.

"ఇంక రాలే సార్."

"ఆలస్యమైతే ఆమె తినకుండ కూసుంటది," అన్నాడు. భూపాల్ గేటు బయట, ఆయన లోపల, ఇద్దరూ కాసేపు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు.

అహల్య బయటికి వచ్చింది. బాగా చిక్కింది. భూపాల్‌ను చూసి ఆశ్చర్యపోలేదు. చేతిలో కారప్పొడి పొట్లం ఉంది. విశ్వనాథ్ చేతిలోని డబ్బా మూత తీసి, చీలికల మీద కాస్త చల్లి, మూత పెట్టి మళ్ళీ ఆయనకే ఇచ్చింది.

"కత్తి గుర్తుపడతలేడు," అంది భూపాల్‌తో. "పట్టుకోడు. రంగైతే పోయింది గానీ ఆమె పోలే. పొద్దున లేవంగనే డబ్బ అడుగుతడు. ఇయ్యకపోతే అన్నం ముట్టడు, మందు మింగడు. గందుకు నేనే కోసిస్తున్న."

"మీరా?"

"ఇంకెవరు? దోరయి ఏరుకోవాలె. పండినయి అయితే ఒప్పుకోడు, కుసుమకు పండినయి పడవంట." ఆవిడ గొంతులో ఏడుపు లేదు. "పది గంటల దాక గీడ నిలబడతడు. తర్వాత మర్చిపోయి లోపలికొస్తడు. డబ్బ కడిగి పెడత. నలభై ఏండ్లు ఆయన ఒక్కడే మోసిండు, ఇప్పుడు నాతోని మోయిస్తున్నడు."

భూపాల్ ఏదైనా సాయం కావాలా అని అడిగాడు. అడుగుతున్నప్పుడే ఆ మాట ఎంత పనికిమాలినదో తెలిసింది.

"ఒకటే సాయం. ఇంక నువ్వు రాకు," అంది అహల్య. "నీది తప్పు కాదని తెలుసు. అయినా నిన్ను జూస్తే కోపమొస్తది. ఆయన మీద కోపం చేసుకుంటే ఆయనకు తెల్వదు. ఆమె లేదు. మిగిలింది నువ్వే."

"ఔ టీచరమ్మా," అన్నాడు భూపాల్.

ఆవిడ భర్త భుజం మీద చెయ్యి వేసి, ఎండ పడుతోందని నీడలోకి జరిపింది. ఆయన కదిలాడు, కళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. భూపాల్ బస్టాపు దాకా నడిచాడు. కోఠీ బస్సు ఖాళీగానే వచ్చింది, కానీ ఎక్కలేదు. ఇంటికి వెళితే స్వర్ణ ఎక్కడికి పోయావని అడుగుతుంది, చెప్పాల్సి వస్తుంది. వచ్చే బస్సు చూద్దామనుకుని అక్కడే నిలబడ్డాడు.